తెల్లగా వదిలేసిన గడి

నా వీడ్కోలు సభకి అధ్యక్షత వహిస్తున్న ఇవాసె గారికి, మార్చి నెలాఖరు పనులన్నీ వదిలిపెట్టి వచ్చిన పెద్దలకి, గణాంక విభాగంలో నా పక్కన కూర్చుని నన్ను భరించిన మిత్రులకి, ఇంటింటికీ తిరిగి జనాన్ని లెక్క రాసి, ఇప్పుడు వెనక నిలబడి ఉన్న ఎన్యూమరేటర్లకి నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నిలబడ్డవాళ్లని చూస్తే నాకు లెక్కపెట్టాలనిపిస్తుంది. (నవ్వులు)

ఇవాసె గారు నా గురించి పది నిమిషాలు మాట్లాడారు. ఆయన ప్రేమకి కృతజ్ఞుణ్ణి. అయితే అందులో మూడు తప్పులున్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేశానన్నారు, ముప్ఫై ఏడు. ఆరు జనగణనలు చేయించానన్నారు, ఐదు; మొదటి పన్నెండేళ్లు నేను వేరే విభాగంలో ఉన్నాను. ఇక మూడోది, "కురిహారా గారి చేతిలో ఒక్క అంకె కూడా తప్పు పోలేదు" అన్నారు. మొదటి రెండూ సరిదిద్దుకుంటే చాలు. మూడోదాని గురించి కొంచెం మాట్లాడాలి. విందు చల్లారిపోతుందని బెంగ పడకండి, వంటవాళ్లని అడిగాను, అన్నీ ముందే చల్లారి ఉన్నాయి. (నవ్వులు)

మన పని బయటివాళ్లకి సులువుగా కనిపిస్తుంది. ఐదేళ్లకోసారి, అక్టోబరు ఒకటిన, ఈ దేశంలో ఎవరు ఎక్కడ ఉన్నారో రాసుకోవడం. రాసుకోవాలంటే తలుపు తెరవాలి కదా. అదిగో, ఆ మూల నవ్వుతున్న మొరినాగా గారు మొదటిసారి ఎన్యూమరేటరుగా వెళ్లినప్పుడు ఒకాయన తలుపు తీయకుండా లోపలినుంచే "నేను ఇంట్లో లేను!" అని అరిచాడు. ఈయన నా దగ్గరికి వచ్చి, "సార్, లేనని ఆయనే స్వయంగా చెప్పారు, ఏం రాయమంటారు?" అని అడిగారు. (నవ్వులు) మూడోసారి వెళ్తే ఆయన తలుపు తీశాడు. నాలుగోసారి నారింజపళ్లు కూడా ఇచ్చాడట. ఈ దేశపు అంకెలన్నీ ఇలా మూడోసారి, నాలుగోసారి తలుపు తట్టడం వల్ల వచ్చినవే. కంప్యూటరులోంచి వచ్చాయనుకునేవాళ్లు ఒకసారి ఈయన బూట్లు చూడండి.

అంకెలు వచ్చాక మా కౌంటరు దగ్గర ఇంకో గుంపు తయారవుతుంది. వ్యాపారులు. పళ్ల డాక్టరు వచ్చి పిల్లలెంతమంది అని అడుగుతాడు. డైపర్ల దుకాణాయన ఒకప్పుడు పసివాళ్ల లెక్క అడిగేవాడు, ఇప్పుడు ఎనభై దాటినవాళ్ల లెక్క అడుగుతున్నాడు, దుకాణం అదే. అంత్యక్రియల సంస్థవాళ్లు చాలా మర్యాదగా, చిన్న గొంతుతో అడుగుతారు. స్టేషను వెనక నూడుల్స్ అంగడి పెట్టినాయన ఒంటరి మగవాళ్ల సంఖ్య పట్టుకెళ్లి, ఏడాది తర్వాత కోపంగా తిరిగొచ్చాడు. "మీ లెక్క ప్రకారం చుట్టూ అందరూ ఒంటరివాళ్లే. ఒక్కడూ రాడేం?" అన్నాడు. "వయసు చెప్పానండీ, ఆకలి చెప్పలేదు" అన్నాను. ఆ రోజుల్లో నేను అలాంటి మాటలు సరదాగా అనేవాణ్ణి. వచ్చినవాళ్లు అంకెని ఎలా వాడుకుంటారో అది వాళ్ల తలనొప్పి అనుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ మూడో తప్పు.

రెండున్నరేళ్ల కిందట వర్తక సంఘంవాళ్లు ఒక పటం గీసిపెట్టమన్నారు. అరవై అయిదు దాటినవాళ్లు ఎక్కడెక్కడ ఎక్కువ ఉన్నారో ఒక్క చూపులో తెలియాలి అన్నారు. మీలో చాలామందికి తెలుసు, నేలనంతా అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు ఉన్న గడులుగా విడగొట్టి, గడి గడికీ లెక్క ఇస్తారు. నేను వాటికి రంగులు వేశాను. తక్కువమంది ఉంటే లేత పసుపు, ఎక్కువమంది ఉంటే ముదురు ఎరుపు, మధ్యలో మూడు రంగులు. ఎవరూ లేని అడవి తెలుపు.

కొన్ని గడులకి లెక్క ఇవ్వరు. మరీ కొద్దిమంది ఉన్న చోట "ఎనభై దాటి ఒంటరిగా ఉంటున్న స్త్రీ, ఒకరు" అని అచ్చు వేస్తే అది అంకె కాదు, ఆవిడ చిరునామా. అందుకని ఆ వివరాలు దాచి, పక్క గడిలో కలిపేస్తారు. మంచి నియమం. ఇప్పటికీ దాని పక్షానే నిలబడతాను. కానీ పటంలో ఆ గడికి ఏ రంగు వేయాలి? నాకు ఐదు రంగులూ అయిపోయాయి. తెలుపే ఉంచాను. "కొన్ని తెల్ల గడుల్లో జనం ఉన్నారు, సంఖ్య చెప్పడం లేదు" అని అడుగున ఒక వాక్యం పెట్టాను. తర్వాత చూస్తే ఆ వాక్యం వల్ల పటం అందం చెడినట్టనిపించి తీసేశాను. ఎవరూ తీయమనలేదు. నేనే.

పటం చాలా బాగుందన్నారు. కింద హాల్లో ఫ్రేము కట్టి పెట్టారు. ఆ నెలలోనే మన ఊళ్లో ఒక సూపర్‌మార్కెటువాళ్లు కొండ పల్లెలకి సరుకుల బండి మొదలుపెట్టారు. బియ్యం, పాలు, చేపలు, సోయా టోఫు, బల్బులు, అన్నీ ఆ చిన్న లారీలో. నా పటం చూసే దాని దారి వేశారు. సంస్థ పేరు చెప్పను. ముకాయ్ గారూ, మీరు తల దించుకోవక్కర్లేదు, తప్పు మీది కాదని ఇప్పుడు నలుగురిలో చెప్పడానికే ఈ సోదంతా. (నవ్వులు)

నా భార్య ఫుమియే మీలో చాలామందికి తెలుసు. నాలుగు జనగణనల్లో ఎన్యూమరేటరుగా పనిచేసింది. ఆమెకి ఎప్పుడూ ఇవాదో అనే కొండ మీది వాడ పడేది, ఎందుకంటే ఇంకెవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. వంతెన దాటాక మూడు కిలోమీటర్ల ఎక్కుడు. పై ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు, ఎన్ని వేళ్లో మాత్రం చెప్పను. వాడ పటం ఆమే గీసేది, పెన్సిలుతో, ప్రతి ఇంటికీ ఒక చిన్న చదరం, పెంపుడు కుక్క కరిచేదైతే పక్కన ఒక చుక్క. ఫారాల్లో ఏముందో ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు. నియమం నాకంటే ఆమెకే ఎక్కువ పట్టింపు. ఎవరింట్లో టీ ఎంత బాగుందో మాత్రం చెప్పేది.

ఆ డిసెంబరులో ఒకరోజు సాయంత్రం బజారు నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా నా పటం బల్ల మీద పరిచింది.

"ఏమండీ, సరుకుల బండి వంతెన దగ్గరే వెనక్కి తిరిగిపోతోంది. పై నుంచి ఆడవాళ్లు మంచులో దిగి వచ్చి నిలబడి ఉన్నారు."

"సంస్థవాళ్లు ఏదో లెక్క చూసుకుని ఉంటారు."

"ఈ లెక్కేగా?" అని ఒక తెల్ల గడి మీద వేలు పెట్టింది. "ఇక్కడ ఎవరూ లేరా? నేను ఇక్కడ టీ తాగానండీ."

"లేరని కాదు. దాచాం. చట్టం."

"దాచినట్టు లేదు. చెరిపేసినట్టుంది."

"చదవడం వచ్చినవాళ్లకి తెలుస్తుందిలే."

"ఎక్కడ రాసుంది, చూపించండి."

నేను పటం అడుగున చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. ముప్ఫై ఏడేళ్ల ఉద్యోగంలో నాకు అంత సిగ్గుగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ సిగ్గుతో మనిషి ఏం చేయాలి? ఒప్పుకోవాలి. నేను "రేపు చూస్తాను" అన్నాను.

మర్నాడు చూడలేదు. ఆ వారమే ఆమె కడుపునొప్పికి పరీక్షలు చేశారు. తర్వాత సంగతి మీకు తెలుసు. మీరంతా వచ్చారు కూడా. మొత్తం పదకొండు వారాలు.

ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, కిటికీ బయట మంచు పడుతుంటే, ఫుమియే అడిగింది.

"బండి పైకి వెళ్తోందా?"

"వెళ్తోంది" అన్నాను.

"మంచిది" అంది. కళ్లు మూసుకుంది.

(నీళ్ల గ్లాసు కోసం చేయి చాచారు.)

మంచినీళ్లు ఇటివ్వు, ఒకితా. థాంక్స్.

ఆ తర్వాత పటం జోలికి వెళ్లలేదు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేయలేదు. ఆమె ఉన్నప్పుడు దిద్దనిది ఆమె పోయాక దిద్దితే ఏం లాభం అనుకున్నాను. కొండమీది వాళ్లు అప్పటికీ దిగుతూనే ఉన్నారు, ఎక్కుతూనే ఉన్నారు. నా దుఃఖానికీ వాళ్ల పాల సీసాలకీ ఏమీ సంబంధం లేదన్న సంగతి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

పోయిన అక్టోబరు జనగణనకి మనకి అరవై ఏడుగురు ఎన్యూమరేటర్లు కావాలి, అరవై ఆరుగురు దొరికారు. మిగిలిన వాడ ఏదో చెప్పక్కర్లేదు. ఇదిగో ఈ ఒకిత, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి, వచ్చి నా ముందు నిలబడింది.

"సార్, ఇవాదోకి నేను వెళ్తాను."

"నీకు అజమాయిషీ చేయాల్సిన వాడలు ఇప్పటికే ఆరు ఉన్నాయి కదమ్మా."

"మీకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కద సార్." (నవ్వులు)

నేనే వెళ్లాను. మెడలో గుర్తింపు కార్డు, భుజాన ఫుమియే సంచీ, చేతిలో ఆమె గీసిన పటం. ఒక ఇంటి చదరం పక్కన చుక్క ఉంది. కుక్క కూడా ఉంది. కరిచింది. పంట్లాము మాత్రమే, కంగారు పడకండి. (నవ్వులు)

ఒక ఇంట్లో పెద్దావిడ ఉంది. పేరు చెప్పను. ఆవిడ చెప్పమన్నా చెప్పను. ఫారం మీద రాసింది నా నోట్లోంచి రాదు. టీ తాగుతూ అన్నది చెప్పొచ్చా అని ఆవిడనే అడిగాను, "చెప్పు, గట్టిగా చెప్పు" అంది.

నా కార్డు చూసి, "ఫుమియే గారు రాలేదే?" అంది.

"పోయిందండీ. రెండేళ్లు కావస్తోంది."

ఆవిడ లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు టీ, ఉప్పులో ఊరిన ముల్లంగి ముక్కలు తెచ్చింది. రెండు కప్పుల్లో పోయాల్సింది మూడు కప్పుల్లో పోసింది. మూడోది పక్కన పెట్టింది.

"ఫారం ఇచ్చేసి పరిగెత్తే మనిషి కాదు. ముందు నా మోకాలి సంగతి అడిగేది" అంది.

నేను ఫారం ఎలా నింపాలో చెప్పాను. అన్నీ విని, "ఇందులో సరుకుల బండి కావాలని రాసే గడి ఏది నాయనా?" అని అడిగింది.

"అది లేదండీ."

"వయసు అడిగారు, ఇల్లు సొంతమా అద్దెదా అడిగారు, ఇన్ని అడిగినవాళ్లు అదొక్కటీ అడగరూ?"

"బండి ఇప్పటికీ రావడం లేదా?" అన్నాను, తెలియనట్టు.

"ఏం రావడం! వంతెన దాకే. దిగడానికేం, దిగుతాను. ఎక్కేటప్పుడే సంచీ ఊగి, మెత్తటి టోఫు ముక్కలుగా విరిగిపోతుంది. విరగని టోఫు తిని రెండేళ్లయింది. పులుసులో వేస్తే ఎవడికి తెలుస్తుంది అంటారు. నాకు తెలియదూ?"

ఆ రోజు కొండ దిగుతూ నాలుగుసార్లు ఆగాను. మోకాళ్ల వల్ల కాదు.

నా ఇంటి ఫారం మాత్రం చివరిదాకా ఇవ్వలేదు. ఒకిత ఫోను చేసింది, "సార్, ఆఫీసంతా ఇచ్చేశారు, మీదొక్కటే బాకీ" అని. ఇంట్లో ఎంతమంది అన్న చోట కిందటిసారి రెండు అని రాశాను. ఈసారి ఒకటి. ఒకటి రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క గీత. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అయింది. రాశాను. ఆమె లేదని సంతకం పెట్టడం లాంటిదే అది. రాశాక లేచి, చొక్కా మార్చుకుని, ముకాయ్ గారి దగ్గరికి వెళ్లాను.

సూపర్‌మార్కెటు వెనక గదిలో, క్యాబేజీ పెట్టెల మధ్య, నడుం వంచి క్షమాపణ చెప్పాను. పాపం ఈయన నేనేదో పాడైన చేప గురించి ఫిర్యాదుకి వచ్చాననుకున్నారు. (నవ్వులు) పటం చూపించి చెప్పాను.

"సార్, తెల్లగా ఉంటే ఖాళీ అనుకున్నాం. ఎవరైనా అలాగే అనుకుంటారు" అన్నారు.

"అలా అనుకునేటట్టే గీశాను. తప్పు నాది."

"సరే, ఎంతమంది ఉన్నారు మరి?"

"చెప్పలేను."

"పదిమందా?"

"చెప్పలేను."

"పోనీ, పదికి పైనా కిందా?"

"ముకాయ్ గారూ, చెప్పలేను."

"అంకె లేనిదే హెడ్డాఫీసులో నా కాగితం కదలదు సార్! మరి మీరు చెప్పగలిగింది ఏమిటి?"

"పైకెక్కి చూడమని చెప్పగలను."

అప్పుడు ఈయన నన్నేమని తిట్టుకున్నారో ఇక్కడ చెప్పమని అడగను. (ముకాయ్ గారు లేచి ఏదో అన్నారు, నవ్వులు)

కానీ ఎక్కారు. మొదటి మంచు పడిన వారంలో, దుకాణం సెలవు రోజున, సొంత బూట్లతో. ఆరేసిన బట్టలు చూశారు. పొగగొట్టాలు చూశారు. తలుపులు తట్టారు. మూడోసారి, నాలుగోసారి కూడా తట్టారట, ఎన్యూమరేటరుగా చేరమని అడుగుదామనుకుంటున్నాను. ఆయన ఎంతమందిని చూశారో అది ఆయన లెక్క, నేను అడగలేదు. హెడ్డాఫీసుకి మాత్రం ఒక ఉత్తరం వెళ్లింది. దాన్ని రాసింది పై ఇళ్లవాళ్లే. మా పేర్లు ఇవీ, మా వయసులు ఇవీ, మాకు వారానికి ఇన్ని పాలు, ఇన్ని టోఫులు కావాలి అని, కుంచెతో, పెద్ద పెద్ద అక్షరాలతో. వాళ్ల గురించి నేను నోరు విప్పకూడదు. వాళ్ల గురించి వాళ్లు చెప్పుకుంటే ఏ చట్టం అడ్డొస్తుంది? ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు తట్టలేదు.

హెడ్డాఫీసువాళ్లు జనవరి అంతా ఆలోచించారు. ఫిబ్రవరిలో మంచు కరగనీ అన్నారు. నేను రోజూ కొండ వంక చూశాను. ఇంత ఆత్రంగా మంచు కరగడం కోసం ఎదురుచూసింది చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడుకోవడానికే. ఇంకోపక్క నా ఉద్యోగానికి రోజులు దగ్గర పడుతున్నాయి. బండి వెళ్లకుండానే నేను పూలగుత్తి పట్టుకుని ఈ గేటు దాటాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. నిజం చెప్తున్నాను, ఉద్యోగంలో ఇంకేదీ నన్ను అంత భయపెట్టలేదు.

పోయిన మంగళవారం పదకొండు గంటలకి నా బల్ల మీద ఫోను మోగింది. ముకాయ్ గారు. వెనక ఎవరివో కబుర్లు, మధ్యలో ఆ కుక్క.

"సార్, పైన ఉన్నాం. బండి తిప్పుకోవడానికి చోటు కూడా ఉంది. ఒక పెద్దావిడ ఇప్పుడే టోఫు కొన్నారు. మీకు చెప్పమంటున్నారు, విరగలేదట."

నేను "సంతోషం" అన్నట్టున్నాను. ఫోను పెట్టేశాక మా విభాగం అంతా నన్ను చూస్తున్నారు. "ఏమైంది సార్?" అంది ఒకిత. "ఏమీ లేదు, టోఫు" అన్నాను. (నవ్వులు)

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి, ఫుమియే ఫోటో ముందు కూర్చుని, బండి పైకి వెళ్తోంది అని మళ్లీ చెప్పాను. రెండేళ్ల కిందట చెప్పిన మాటే. ఈసారి ఆమె కళ్లలోకి చూసి చెప్పగలిగాను. ఆ రాత్రి నిద్ర పట్టింది. అందుకే ఇవాళ మీరంతా నన్ను చూసి, "పదవీ విరమణ అంటే దిగులుగా ఉంటారనుకున్నాం, ఇంత తేలిగ్గా ఉన్నారేమిటి" అంటున్నారు. కారణం ఇదీ. ఇవాసె గారి భోజనం మీద ఆశ కాదు. (నవ్వులు)

ఒకితా, నీకు అప్పగించేవి పెద్దగా ఏమీ లేవు. అల్మారా తాళం ఒకటి. ఆ కుక్క చుక్క ఉన్న పటం ఒకటి, దాన్ని పారేయకు. కౌంటరు దగ్గరికి అంకె కోసం వచ్చినవాణ్ణి అంకె ఇచ్చి పంపేయకు, దాంతో ఏం చేస్తావని అడుగు. ఏదైనా వాక్యం పటం అందం చెడగొడుతోందనిపిస్తే, ఆ వాక్యం ఉంచు.

ఎన్యూమరేటర్లకి, మీ బూట్లకి, నా వందనం. ముకాయ్ గారికి, ఆ లారీ నడిపే ఆయనకి నా కృతజ్ఞతలు. ముప్ఫై ఏడేళ్లు, ముప్ఫై ఎనిమిది కాదు, నాకు అన్నం పెట్టిన ఈ కార్యాలయానికి దణ్ణం.

వెళ్లేటప్పుడు ఒకసారి కింద హాల్లో గోడ మీది పటం చూడండి. నిన్న మార్చాం. దాచిన గడులకి ఇప్పుడు బూడిదరంగు గీతలున్నాయి. అడుగున ఒక పొడుగాటి వాక్యం ఉంది, పటానికి ఏమాత్రం నప్పలేదు. పైన ఎడమ మూలకి, కొండ దగ్గర, ఒక గడి కనిపిస్తుంది. అక్కడ మనుషులున్నారు.

ఎంతమందో చెప్పను.

సెలవు.